గడప మీది వేలిముద్ర

నాగభూషణం గారింట్లో గ్యాస్ బండ పోయింది మంగళవారం నాడు. వెనక వరండాలో గోడకి ఆనించి పెట్టిన నిండు బండ, సాయంత్రం ఎరువుల కొట్టు నుంచి వచ్చి చూసేసరికి లేదు. పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. ఒక్క మనిషికి ఎంత గ్యాస్ కావాలి? పొద్దున్నే టీ, పూటకి గుప్పెడు బియ్యం. కూర గోటేరు బస్టాండు పక్కన పొట్లాల్లో అమ్ముతారు. కొట్టులో లెక్కలు ముగించి ఇంటికి వస్తూ ఒకటి పట్టుకొస్తే సరిపోతుంది.

అయితే గ్యాస్ ఏజెన్సీలో కూర్చునే అమ్మాయి ఒప్పుకోలేదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసినట్టు కాగితం తెస్తేనే ఇంకో బండ ఇస్తామంది. ఆయనకు కావలసింది దొంగ కాదు, కాగితం. దాని కోసం స్టేషనుకి వెళ్లారు.

వెళ్లిన వేళ మంచిది కాదు. అంతకు ముందు రోజే ఎస్సై కులశేఖర్ రాజధానిలో శాస్త్రీయ దర్యాప్తు శిక్షణ ముగించుకుని, మెడలో గుర్తింపు కార్డు పట్టీతో సహా తిరిగొచ్చాడు. ఇకమీదట ఏ కేసయినా శాస్త్రంతోనే తేలాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. సాక్షులు అబద్ధం చెబుతారు, నిందితులు అబద్ధం చెబుతారు, బాధితులు వాళ్లిద్దరికంటే ఎక్కువ చెబుతారు, వేలిముద్ర ఒక్కటే నోరు విప్పకుండా నిజం చెబుతుంది అన్నది ఆ ఉత్తర్వుల సారాంశం. స్టేషన్లకి మార్కులు కూడా పెట్టారు. అందులో గోటేరు అట్టడుగున ఉంది. గోటేరులో హత్యలు జరగవు, బ్యాంకు దోపిడీలు జరగవు. అది ఎస్సై గారి దురదృష్టం.

"అక్కడ మీరేమైనా తాకారా?" అని అడిగాడు ఎస్సై.

"ఎక్కడండీ?"

"నేరస్థలంలో."

"మా ఇల్లండి అది."

"అదే. నేరస్థలంలో."

"తాకానండి. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ తాకుతూనే ఉన్నాను."

ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "చూశావా దానయ్యా? కలుషితం చేసేశారు," అన్నాడు హెడ్ కానిస్టేబులుతో. దానయ్య ఉద్యోగ విరమణకు దగ్గర పడిన మనిషి. తన ఇంటికి తానే వెళ్లి తప్పు చేసిన నాగభూషణం గారి వంక జాలిగా చూసి, కుర్చీ చూపించాడు.

మర్నాడు పొద్దున్నే జిల్లా కేంద్రం నుంచి వ్యాను వచ్చింది. ఇంటి చుట్టూ పసుపు రంగు రిబ్బను కట్టారు. నాగభూషణం గారిని బనియను మీదే బయటికి పంపి, పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టారు. చొక్కా తెచ్చుకుంటానంటే వీల్లేదన్నారు. చొక్కా నేరస్థలంలో ఉందట.

పక్కింటి వెంకాయమ్మ చేతిలో చేట పట్టుకునే బయటికి వచ్చింది. "ఏంటన్నయ్యగారూ ఇది? ఇంట్లో ఎవరన్నా..."

"ఎవరూ లేరమ్మా. గ్యాస్ బండ."

"బండకి ఇంతమందా? మా ఆయన పోయినప్పుడు కూడా ఇంతమంది రాలేదు!"

వ్యానులోంచి దిగిన పెద్దమనిషి పేరు డాక్టర్ విశ్వంభర్. హోదా, జిల్లా శాస్త్రీయ ఆధారాల సమన్వయాధికారి. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి తొడుగు వేసుకున్నాడు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, వాటికి కూడా అద్దాలున్నాయి. ఆయన మనుషులు ఇంట్లో దూరి కనిపించిన ప్రతిదాని మీదా నల్లటి పొడి చల్లారు. పోపుల డబ్బా, బియ్యం డబ్బా, మందుల డబ్బా సంచుల్లో వేసి కట్టారు. బండ పోయిన వెనక వరండాలో మాత్రం ఏమీ దొరకలేదు. నాగభూషణం గారు పూటపూటా తడిగుడ్డ పెట్టే మనిషి.

"ఇంత పరిశుభ్రంగా ఉండటం దర్యాప్తుకు ఆటంకం," అన్నాడు డాక్టరు గారు, అరుగు వైపు చూస్తూ.

"ఇక నుంచి తగ్గిస్తానండి," అన్నారు నాగభూషణం గారు.

అప్పుడు వీధి గుమ్మం దగ్గర నుంచి ఒక కేక వినిపించింది. అందరూ అటు పరుగెత్తారు. అరుగు మీద ఉన్నాయన కూడా లేచి నిలబడ్డారు.

ఆ గుమ్మానికి టేకు గడప. దానికి పసుపు రాసి ఉంది. మధ్యలో, కాళ్లు పడే చోట, అది ఎప్పుడో పోయింది. రెండు చివర్లా మాత్రం ఎండి, కర్రని పట్టుకుని ఉంది. ఆ పసుపు మీద కుంకుమ బొట్లు. కిందటి శ్రావణంలో రెండో శుక్రవారం నాడు నాగభూషణం గారి భార్య రత్నమాణిక్యం పెట్టినవి. కుంకుమలో ఒక చుక్క నూనె కలపడం ఆవిడకి అలవాటు, తొందరగా రాలిపోదని. మూడో శుక్రవారానికి ఆవిడ లేదు. అప్పటి నుంచి నాగభూషణం గారు ఇల్లంతా తుడుచుకుంటూ వచ్చి, గడప దగ్గరికి రాగానే గుడ్డ పిండి పక్కన పెట్టేస్తారు. పండగ వచ్చినప్పుడల్లా వెంకాయమ్మ గిన్నెలో పసుపు కలుపుకొచ్చి, "గడప అలా వదిలేస్తే ఇంటికి మంచిది కాదన్నయ్యగారూ, కడిగి రాసేస్తాను" అనేది. "వచ్చే పండక్కి చూద్దాంలేమ్మా" అనేవారాయన. ఈ విషయంలో ఇంతకు మించి చెప్పవలసింది ఏమీ లేదు.

డాక్టర్ విశ్వంభర్ గడప ముందు మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు," అన్నాడు. "కుడిచేతి ఉంగరపు వేలు. ఒక్క గీత చెదరలేదు. నిందితురాలు వేలిని రంగులో ముంచి, నొక్కి, తీసింది. ఒక్కసారి కాదు, వరసగా. చట్టానికి ఇంతగా సహకరించిన నేరస్థులు అరుదు."

"అవి మా ఆవిడవండి," అన్నారు నాగభూషణం గారు రిబ్బను అవతలి నుంచి.

"ఆవిడ ఎక్కడ?"

"చనిపోయిందండి. కిందటి శ్రావణంలో."

డాక్టరు గారు ఎస్సై వంక చూశాడు. ఎస్సై డాక్టరు గారి వంక చూశాడు. "అంటే, కిందటేడు చనిపోయిన మనిషి వేలిముద్ర ఈ మంగళవారం నాటి నేరస్థలంలో దొరికిందంటారు," అన్నాడు డాక్టరు గారు.

"ఈ మంగళవారంది కాదండి. అంతకు ముందు నుంచీ అక్కడే..."

"నేరస్థలం మంగళవారం ఏర్పడింది. అందులో ఉన్నవన్నీ మంగళవారానివే అవుతాయి. నియమావళి ఏడో అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. అంతకు ముందు ఇది ఇల్లు. ఇళ్ల గురించి మా దగ్గర నియమాలు లేవు."

గడపని స్వాధీనం చేసుకోవాలని నిర్ణయమైంది. ఫోటో తీసుకోమని నాగభూషణం గారు బతిమాలారు. ఫోటో నకలనీ, అసలు ఎదురుగా ఉండగా నకలు పట్టుకెళ్లడం శాస్త్రాన్ని అవమానించడమనీ డాక్టరు గారు చెప్పాడు. వడ్రంగిని పిలిపించారు. అతను వచ్చి, సంగతి విని, "గడపలు నిలబెట్టడమే నేర్చుకున్నానండి, పెరకడం నేర్చుకోలేదు" అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. చివరికి ఆక్రమణలు కూలగొట్టే మున్సిపాలిటీ వాళ్లు మిషను తెచ్చి కోశారు.

"చివర్లు పట్టుకోకండి బాబూ! మధ్యలో పట్టుకోండి, మధ్యలో ఏమీ లేదు!" అని నాగభూషణం గారు అరుగు మీంచి అరిచారు. ఆయన అరవడం ఆ వీధిలో అదే మొదటిసారి.

"బాధితుడు చక్కగా సహకరిస్తున్నాడని రాసుకోండి," అన్నాడు డాక్టరు గారు.

గడపని దూదిలో చుట్టి, గుడ్డలో చుట్టి, లక్క పెట్టి, వ్యానెక్కించారు. వాళ్లు వెళ్లాక నాగభూషణం గారు ఇంటి ముందుకి వచ్చి నిలబడ్డారు. దాటవలసింది ఏమీ లేకపోయినా అలవాటు కొద్దీ కాలెత్తి పెట్టి లోపలికి వెళ్లారు.

మరుసటి రోజు అబ్బులు వచ్చాడు. గ్యాస్ బండలు వేసే మనిషి. భుజం మీద నిండు బండ.

"ఆయ్, క్షమించాలి బాబూ. ఎదురింటి వెనక వరండాలో ఖాళీ బండ పట్టుకెళ్లమన్నారండి. నేను మీ వెనక వరండాలోకి వచ్చేశానండి. ఎత్తుకున్నప్పుడే బరువనిపించింది. ఆ రోజు ఒంట్లో జ్వరంగా ఉందండి, జ్వరానికి ఖాళీ బండ కూడా బరువవుతుంది కాబోసనుకున్నాను."

నాగభూషణం గారు అతని చెయ్యి పట్టుకున్నారు. ఇంత మంచి దొంగ దొరుకుతాడని ఆయన అనుకోలేదు. బండ దొరికింది, దొంగ దొరికాడు, ఇక కేసు లేదు. కేసు లేకపోతే గడపతో వాళ్లకేం పని? ఇద్దరూ కలిసి స్టేషనుకి వెళ్లారు, బండతో సహా.

ఎస్సై అంతా విన్నాడు. అబ్బులు కుడిచేతి ఉంగరపు వేలు పట్టుకుని సిరా పూసి కాగితం మీద నొక్కించాడు. భూతద్దం పెట్టి చూశాడు.

"సరిపోలలేదు."

"నేనే తీశానండి," అన్నాడు అబ్బులు.

"నువ్వు ఆడదానివా?"

"కాదండి."

"మరి ఎలా తీస్తావు? నేరస్థలంలో ఉన్నది ఆడమనిషి వేలు."

"ఆయ్, ఆ గుమ్మం వైపు నేను వెళ్లనే లేదండి. పెరటి దారినే వచ్చి పెరటి దారినే..."

"దానికి ఆధారం ఏది? నువ్వు చెప్పడమేగా? నేరాన్ని ఒప్పుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు వచ్చి ఒప్పుకుంటే కుదరదు."

"పోనీ బండన్నా పెట్టేసి పోతానండి."

"అసలే వీల్లేదు." ఎస్సై గోడ మీద అంటించిన పెద్ద పటం చూపించాడు. అందులో బాణాలున్నాయి. "నేరం. ఆధారం. నిందితురాలు. సొత్తు. బాణం ఇటు నుంచి అటు పోతుంది. నిందితురాలు దొరక్క ముందే సొత్తు దొరికితే బాణం ఎదురు తిరుగుతుంది. ఆ బండ ఎక్కణ్నుంచి తెచ్చావో అక్కడే పెట్టు."

దానయ్య దగ్గాడు. "సార్, దొంగ తనంతట తను నడిచొస్తే తిప్పి పంపడం మన స్టేషన్లో ఇదే మొదలండి."

"అందుకే దానయ్యా, మన స్టేషను అట్టడుగున ఉంది."

బయటికి వచ్చాక అబ్బులు బండ దింపి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడేం చేయమంటారు బాబూ? దొంగనన్నా కాకుండా పోయాను." దానయ్య వెనకాలే వచ్చి, ఎవరూ వినకుండా ఒక సలహా ఇచ్చాడు. దాని ప్రకారం అబ్బులు బండని వెనక వరండాలో యథాస్థానంలో పెట్టేసి, పైన గోనెపట్టా కప్పి వెళ్లాడు. కాగితాల ప్రకారం అది అక్కడ లేదు కనుక, నాగభూషణం గారు లేని గ్యాస్ మీద టీ పెట్టుకోసాగారు.

ఆయన దిగులు గ్యాస్ గురించి కాదు. రోజూ కొట్టుకి వెళ్లే ముందు స్టేషనుకి వెళ్లి, "గడప ఎలా ఉందండీ?" అని అడిగేవారు, ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు. "పరీక్షలో ఉందండి," అనేవాడు దానయ్య. "తడి తగలనివ్వడం లేదు కదా?" "తగలనివ్వరండి, లక్క వేశారు కదా." ఆ రోజుకి అది చాలు.

వర్షాలు మొదలయ్యాక ప్రయోగశాల నివేదిక వచ్చింది. నాగభూషణం గారిని పిలిపించారు. డాక్టర్ విశ్వంభర్ స్వయంగా వచ్చాడు. బైండు చేయించిన పుస్తకంలా ఉంది నివేదిక.

"మీ ఇంట్లో సేకరించిన ముద్రల్లో అధిక శాతం ఒకే స్త్రీవి. గడప మీద ఎవరు ముద్ర వేశారో ఆవిడవే," అన్నాడు డాక్టరు గారు. "పోపుల డబ్బా మూత లోపలి వైపు. బియ్యం డబ్బా అడుగున. అద్దం వెనకాల. కిటికీ ఊచల మధ్య, మామూలుగా ఎవరి వేళ్లూ దూరని చోట. మందుల డబ్బాలో ప్రతి సీసా మీదా. ఆ మందులు ఎవరివి?"

"నావండి. బీపీవి."

"వాటి మూతల మీద మీ ముద్ర ఒక్కటి కూడా లేదు, ఈ మధ్యవి తప్పిస్తే. మీవి ఎక్కడెక్కడ ఉన్నాయో చదువుతాను వినండి. వీధి తలుపు గొళ్లెం. పడక్కుర్చీ చేతులు. రేడియో. మంచినీళ్ల గ్లాసు." ఆయన పేజీ తిప్పాడు. "వంటింట్లో కూడా కొన్ని ఉన్నాయి. అయితే అవన్నీ పైపొరలో ఉన్నాయి. కింద ఆవిడవి, పైన మీవి. అంటే మీరు వంటింట్లోకి ప్రవేశించి ఏడాదికి మించలేదు."

"మించలేదండి," అన్నారు నాగభూషణం గారు.

"కాబట్టి శాస్త్రం తేల్చింది ఏమిటంటే, ఆ ఇంట్లో కాపురం ఉన్నది ఆవిడ. మీరు అప్పుడప్పుడూ వచ్చి, కుర్చీలో కూర్చుని, రేడియో విని, మంచినీళ్లు తాగి వెళుతుండే బయటి మనిషి. గత ఏడాదిగా, ఆవిడ కనిపించకుండా పోయిన తర్వాత, ఇల్లంతా ఆక్రమించారు. దీనికి మీరేమంటారు?"

నాగభూషణం గారు కొంచెంసేపు ఆలోచించారు. "ఆ రాసిన దాంట్లో తప్పేమీ కనిపించడం లేదండి," అన్నారు.

ఈ జవాబుతో ఆయన ఫిర్యాదుదారుగా ఉంటూనే అనుమానితుడు కూడా అయ్యారు. ఇల్లు ఖాళీ చేయించాలని ఎస్సై పట్టుబట్టాడు గాని, ఆ నియమానికి ఇంకా ఫారం అచ్చు కాలేదు. అందువల్ల అసలు నివాసి వచ్చేదాకా తాత్కాలిక సంరక్షకుడి హోదాలో ఉండనిచ్చారు. నాగభూషణం గారు అన్నిటికీ తలూపి, చివరికి తను వచ్చిన పని అడిగారు. "పరీక్ష అయిపోయింది కదండీ. గడప ఇప్పించండి."

"ఇస్తాం. ఆ ముద్ర ఎవరిదో వాళ్లే వచ్చి, వేలు సరిచూపించుకుని, పట్టుకెళ్లాలి."

నాగభూషణం గారు జేబులోంచి మరణ ధ్రువపత్రం తీసి మడత విప్పారు. డాక్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి వెలుతురుకి ఎత్తి చూశాడు.

"దీని మీద ఆవిడ వేలిముద్ర లేదే?"

"చనిపోయాక ఎలా వేస్తుందండీ?"

"మా ఇబ్బంది కూడా అదే. ఈ కాగితం వల్ల రత్నమాణిక్యం అనే ఆవిడ చనిపోయినట్టు తెలుస్తోంది. ఈ వేలు గలావిడ చనిపోయినట్టు తెలియడం లేదు."

దానయ్య తలుపు దాకా వచ్చి సాగనంపాడు. "ఊరుకోండి మాస్టారూ, ఏదో ఒకటి చూద్దాం," అన్నాడు. నాగభూషణం గారు మాస్టారు కాదు. ఎవర్నన్నా ఓదార్చవలసి వచ్చినప్పుడు దానయ్య అలాగే పిలుస్తాడు.

ఈలోగా గోటేరు స్టేషనుకి జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. ఇంత స్పష్టమైన ముద్ర రాష్ట్రంలోనే దొరకలేదని పైవాళ్లు మెచ్చుకున్నారు. శాస్త్రీయ దర్యాప్తు వారోత్సవాల్లో సన్మానం పెట్టారు. నాగభూషణం గారికి కూడా ఆహ్వానం వచ్చింది. ఆయన చొక్కాకి ఒక పక్క ఫిర్యాదుదారు అనీ, రెండో పక్క అనుమానితుడు అనీ రెండు బిళ్లలు తగిలించారు. దానయ్య ఆయనకు రెండు ఫలహారం పొట్లాలు తెచ్చిచ్చాడు.

"రెండెందుకండీ?"

"రెండు హోదాలు కదండీ. ఉంచండి, రాత్రికి పనికొస్తది."

వేదిక వెనక తెర తీశారు. గోడంత ఫ్లెక్సీ మీద ఒకే ఒక వేలిముద్ర. పసుపు రంగు మీద ఎర్రటి గీతలు, గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటి. కొబ్బరిచెట్టు ఎత్తు ఉందేమో. జనం చప్పట్లు కొట్టారు. నాగభూషణం గారు పొట్లాలు ఒళ్లో పెట్టుకుని తల ఎత్తి చూస్తూ ఉండిపోయారు. కాపురం చేసినన్నాళ్లూ ఆ చేతి కూడు తిన్నారు గాని, ఆ వేలిని అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

డాక్టర్ విశ్వంభర్ కర్ర పట్టుకుని వివరించాడు. "సోదర సోదరీమణులారా, ఈ అడ్డుగీతను గమనించండి. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. పాత కాలిన గాయం. చాలా ఏళ్ల కిందటిది. కాగిన ఇనుప వస్తువు, బహుశా పెనం, అంటుకుని ఉండాలి. లోతుగా కాలింది. నిందితురాలు కొన్ని వారాల పాటు ఈ వేలు వంచలేకపోయి ఉంటుంది. ఇటువంటి గుర్తు ఉన్న మనిషి శాస్త్రం నుంచి తప్పించుకోవడం అసాధ్యం."

మళ్లీ చప్పట్లు. అవి ఆగాక వెనక వరసలో నాగభూషణం గారు లేచి నిలబడ్డారు.

"ఎప్పుడు కాలిందో చెప్పగలరాండీ?"

"తేదీ చెప్పడం శాస్త్రానికి సాధ్యం కాదు."

"కొన్ని వారాలు వేలు వంచలేదన్నారు."

"నిస్సందేహంగా."

"కుడిచెయ్యి కదండీ. మరి అన్నం ఎలా కలుపుకుని ఉంటుంది?"

సభలో ఎవరో నవ్వారు. డాక్టరు గారు నివేదిక తిరగేసి, అందులో లేదని నిర్ధారించుకున్నాడు. "అది దర్యాప్తు పరిధిలోకి రాదు. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. తర్వాత ఎస్సైకి శాలువా కప్పారు, కలెక్టరాఫీసు నుంచి వచ్చినాయన మాట్లాడాడు, పాట పాడారు. ఆ సేపంతా నాగభూషణం గారు పెనం మీది అట్టు, పెనం మీది రొట్టె, ఒకటొకటిగా గుర్తు తెచ్చుకుంటూ వెళ్లారు. ఏ రోజూ ఆలస్యమైనట్టు గుర్తు లేదు. ఏ రోజూ ఆవిడ చేతికి గుడ్డ కట్టుకున్నట్టు గుర్తు లేదు. ఆయన పేపరు చదువుకుంటూ ఉండి ఉంటారు.

సన్మానం అయ్యాక పెద్ద సామాను దాచడానికి గదులు చాలడం లేదని జిల్లా నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మంచాలు, తలుపులు, గడపలు వంటివి వెనక్కి ఇచ్చేయమన్నారు. అసలు నివాసి తరఫున తాత్కాలిక సంరక్షకుడు సంతకం పెట్టవచ్చన్నారు. ఆ కబురు చెప్పడానికి దానయ్య ఎరువుల కొట్టుకే వచ్చాడు. నాగభూషణం గారు తూకం వేస్తున్న బస్తా అలాగే వదిలేసి ఇంటికి వచ్చారు. వడ్రంగికి కబురు పెట్టారు. సాయంత్రం దాకా వీధిలోనే నిలబడ్డారు.

ఆటో వచ్చింది. దానయ్యే దింపాడు. లక్క పగలగొట్టి, గుడ్డ విప్పి, దూది తీసి, పక్కకి తప్పుకున్నాడు.

గడప కొత్తగా మెరుస్తోంది. చిత్రిక పట్టి, స్పిరిట్‌తో కడిగి, రెండు పూతలు వార్నిష్ వేశారు. ఒక చివర చిన్న చీటీ అంటించి ఉంది. పరిశుద్ధం చేయబడినది అని దాని మీద ముద్ర.

"ఇంకొకరి జీవపదార్థం ఏదన్నా ఉంటే బయటికి పంపకూడదని రూలంటండి," అన్నాడు దానయ్య, గడప వంకే చూస్తూ. "నేను చెప్పానండి. చివర్ల జోలికి పోకండి, ఆయనకు కావలసింది అదేనని చెప్పాను. శుభ్రం చేయకపోతే సంతకం పడదన్నారు."

నాగభూషణం గారు వంగి ఒక చివర నుంచి రెండో చివర దాకా చేత్తో రాశారు. ఎక్కడా వేలికి ఏమీ తగల్లేదు. వెంకాయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వార్నిష్ మంచిదే వేశారు," అన్నారు నాగభూషణం గారు.

వడ్రంగి వచ్చి గడప నిలబెట్టాడు. కూలి తీసుకోలేదు. ఆ వచ్చే శుక్రవారం వెంకాయమ్మ పసుపు గిన్నె పట్టుకొచ్చింది. ఈసారి ఆయన వద్దనలేదు. గిన్నె ఆవిడ చేతిలోంచి అందుకుని, లోపలికెళ్లి కుంకుమలో ఒక చుక్క నూనె వేసి కలుపుకొచ్చి, గడప ముందు కూర్చున్నారు. మగవాళ్లు రాయకూడదని వెంకాయమ్మ అనబోయి మానేసింది. పసుపు రాయడం ఆయనకి బాగానే వచ్చింది. బొట్టు దగ్గరికొచ్చేసరికి వేలు జారిపోయి గీత పడుతోంది.

ఆ వేళకి దానయ్య డ్యూటీ మీద అటుగా వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, చేతులు కట్టుకుని కాసేపు చూశాడు.

"అలా కాదండి. పక్కకి లాగకండి, చెదిరిపోద్ది. తిన్నగా నొక్కి, తిన్నగా తీసేయాలి. స్టేషన్లో ముద్రలు నేనే వేయిస్తాను కదండీ, నాకు తెలుసు."

"బాగుంది, బాగుంది!" అంది వెంకాయమ్మ. "ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి! ఇద్దరిలో ఒక్కరన్నా ఇంటి దగ్గర గడప మొహం చూశారా ఎప్పుడన్నా?"

ముద్దాయి దొరకలేదు గనుక కేసు మాత్రం మూయడానికి వీల్లేదు. నియమావళి ప్రకారం నెలకొకసారి పోలీసు ఆ ఇంటికి వెళ్లి విచారించాలి. దానయ్య వస్తాడు. నాగభూషణం గారు టీ పెడతారు. ఇద్దరూ వీధి గదిలో కూర్చుంటారు. దానయ్య ఫారం తీసి, అందులో ఉన్న ప్రశ్నలు వరసగా అడుగుతాడు.

"ఆవిడ వచ్చారాండి?"

"రాలేదండి."

"ఏమన్నా కబురు?"

"లేదండి."

"ఆవిడ ఎలా ఉంటారో వర్ణించగలరా?"

మొదటి నెల ఈ ప్రశ్నకి నాగభూషణం గారు సన్నగా ఉంటుందనీ, కొంచెం పొడుగనీ చెప్పి ఊరుకున్నారు. రెండో నెల ఆవిడ పొయ్యి దగ్గర ఎలా నిలబడేదో చెప్పారు. ఈ మధ్య ఆయన చెప్పడం అయ్యేసరికి టీ చల్లారిపోతోంది. ఫారంలో జాగా చాలక దానయ్య రాయడం మానేసి వింటున్నాడు. వెళ్లేటప్పుడు, నియమం ప్రకారం, ఆవిడ వస్తే వెంటనే స్టేషనుకి తెలియజేయమని చెబుతాడు. తెలియజేస్తానంటారు నాగభూషణం గారు.

ఎస్సై కులశేఖర్‌కి బదిలీ అయింది. కేసు ఇంకా నడుస్తోంది. నిందితురాలి జాడ తెలియలేదు.